మహీంద్రా స్కార్పియో-ఎన్ మంచిదా, ఎక్స్‌యూవీ 700 మంచిదా? (2022 డీజిల్ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్)

వైరా_రోడ్డు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఆరుగురం. అమ్మానాన్న, మేమిద్దరం, 13, 9 ఏళ్ల పిల్లలు. ఉండేది ఖమ్మం. నెలకు రెండుసార్లు ఊరెళ్తాం, చివరి మూడు కిలోమీటర్లు మట్టి రోడ్డు. ఏడాదికోసారి తిరుపతి, అప్పుడప్పుడు హైదరాబాద్. నాన్నకు మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్‌లో జెడ్8 వేరియంట్ స్కార్పియో-ఎన్ ఒకటి, ఏఎక్స్7 వేరియంట్ ఎక్స్‌యూవీ 700 ఒకటి చూశాం. రెండూ 2022 బళ్లే, డీజిల్ ఆటోమేటిక్, ఏడు సీట్లు, టూ వీల్ డ్రైవ్. ధరలో పెద్ద తేడా లేదు. ఏది తీసుకోమంటారు? కొనేముందు ఏం చూసుకోవాలి?

గేర్‌బాక్స్_గురువు:
ఆరుగురు అన్నారు కాబట్టి ముందు మూడో వరసలో కూర్చుని చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత. రెండింట్లోనూ ఉన్నది 2.2 లీటర్ ఎంహాక్ డీజిల్ ఇంజినే, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గేర్‌బాక్సే. మీరు చూసిన వేరియంట్లలో స్కార్పియో శక్తి 175 పీఎస్, టార్క్ (లాగే బలం) 400 న్యూటన్ మీటర్లు. ఎక్స్‌యూవీ 185 పీఎస్, 450. కుటుంబంతో వెళ్లేటప్పుడు ఈ తేడా ఎవరికీ తెలియదు.

స్కార్పియో-ఎన్ మూడో వరసకు ఏసీ వెంట్లు లేవు. రెండో వరస వెంట్ల నుంచి వచ్చే గాలే అక్కడిదాకా పాకాలి. మే నెల ఖమ్మం ఎండలో పిల్లలు వెనక కూర్చుంటే ఏమవుతుందో మీకే తెలుసు. ఎక్స్‌యూవీలో మూడో వరసకు విడిగా వెంట్లున్నాయి, బ్లోవర్ కంట్రోల్ కూడా ఉంది. పైగా దాని మూడో వరస సగం సగంగా మడుస్తుంది: ఒక పిల్లాడు కూర్చుని, పక్క సగంలో సూట్‌కేసులు పెట్టుకోవచ్చు. స్కార్పియోలో అది ఒకటే సీటు. మడిచి ముందుకు దొర్లించినా నేల చదునుగా రాదు. మూడు వరసలూ లేపి ఉంచితే రెండింట్లోనూ డిక్కీ పేరుకే. తిరుపతికి ఆరుగురితో వెళ్లాలంటే స్కార్పియోకు పైన క్యారియర్ కట్టక తప్పదు.

నాన్నగారి విషయం. స్కార్పియో ఎత్తు 1857 మిల్లీమీటర్లు, ఎక్స్‌యూవీ 1755. పది సెంటీమీటర్ల ఎత్తు తేడా, స్కార్పియో సీటు కూడా పైనే ఉంటుంది. స్కార్పియో ఎక్కాలంటే కాలు బాగా ఎత్తాలి, సైడ్ స్టెప్ వేయించాలి. ఎక్స్‌యూవీ సీటు దాదాపు నడుము దగ్గరకొస్తుంది, పక్కకు తిరిగి కూర్చుంటే చాలు. ఆయన్ని తీసుకెళ్లి రెండింట్లోనూ ఎక్కించి దించండి. దిగడమే అసలు కష్టం.

మట్టిరోడ్డు_మావయ్య:
గురువుగారూ, సీట్ల గురించి చెప్పారు సరే, మట్టి రోడ్డు సంగతి వదిలేశారు. స్కార్పియో-ఎన్ లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం) మీద కట్టిన బండి, వెనక చక్రాలు తిప్పుతుంది. ఎక్స్‌యూవీ మోనోకాక్ (చట్రం, బాడీ ఒకటే), ముందు చక్రాలు తిప్పుతుంది. ఆరుగురు ఎక్కితే బరువు వెనక్కి పడి ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. తడిసిన రేగడి మట్టిలో చిన్న ఎత్తు వచ్చినా అక్కడే తిరుగుతాయి. అదే బరువు స్కార్పియోకు పట్టునిస్తుంది. అయితే స్కార్పియో ఖాళీగా ఉంటే కథ తిరగబడుతుంది: వెనక తేలికై జారేది అదే.

గుంతల్లో స్కార్పియో దెబ్బ తట్టుకుంటుంది, కానీ లోపలి వాళ్లు అటూ ఇటూ ఊగుతారు. వెనక కాయిల్ స్ప్రింగులు, వాట్స్ లింకేజ్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీలు) ఉన్నా అది ఒకే ఇరుసు. ఒక చక్రం గుంతలో పడితే రెండోదీ కదులుతుంది. ఎక్స్‌యూవీలో వెనక చక్రాలు దేనికది కదులుతాయి కాబట్టి హైవే మీద, ఘాట్ మలుపుల్లో నిలకడ ఎక్కువ. మూడో వరస పిల్లలకు వాంతులు తక్కువ.

మీ మూడు కిలోమీటర్లలో వర్షాకాలంలో ట్రాక్టర్ జాడలు లోతుగా పడతాయా? పడితే టూ వీల్ స్కార్పియో కూడా వద్దు, లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా లాగే గేరు) ఉన్న ఫోర్ బై ఫోర్ వెతకండి. అది డీజిల్‌లోనే దొరుకుతుంది. పడకపోతే ఎక్స్‌యూవీ చాలు. మట్టి రోడ్డుందని స్కార్పియో కొని నెలంతా సిటీలో తిరిగేవాళ్లు చాలామంది.

వైరా_రోడ్డు:
జాడలు అంత లోతుండవండీ, గ్రావెల్ పోశారు. ఇంకో మాట: ఆఫీసు ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లే, రోజూ ఇదే బండి వాడాలి. డీజిల్‌కు ఇబ్బందా?

నట్టు_బోల్టు:
ఇబ్బందే. ఏ బండి తీసుకున్నా ఇదే సమస్య. రోజూ నాలుగు కిలోమీటర్లు తిప్పితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చేంత వేడి సైలెన్సర్‌కు రాదు. కాల్చడం మొదలయ్యాక మధ్యలో ఇంజిన్ ఆపేస్తుంటే మండని డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. వారానికోసారైనా హైవే ఎక్కి 60 దాటిన వేగంతో ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. డీపీఎఫ్ లైటు వెలిగిందంటే ఆ రోజే నడపండి, వాయిదా వేస్తే సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ పెట్టి కాల్పించాల్సిందే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటితే కిలోమీటర్లు చూడకుండా మార్పించండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగకపోతే పెట్రోల్ ఆటోమేటిక్ చూడటమే మేలు, మైలేజీ దెబ్బ తిన్నా సరే.

ఇప్పుడు బండి చూసేటప్పుడు:

ఎక్స్‌యూవీ అయితే 2023 ఆగస్టులో కంపెనీ ప్రకటించిన రీకాల్ పని జరిగిందో లేదో ఛాసీ నంబరుతో సర్వీస్ సెంటర్లో అడగండి. ఇంజిన్ బేలో వైరింగ్ ఒరుసుకుని తెగే ప్రమాదం ఉందని, 2021 జూన్ 8 నుంచి 2023 జూన్ 28 మధ్య తయారైన లక్షా ఎనిమిది వేలకు పైగా బళ్లను పిలిచారు. మీరు చూసిన బండి సరిగ్గా ఆ కాలానిదే. మనసు మారి మాన్యువల్ చూస్తే ఇంకొకటుంది: 2022 జులై 1, నవంబర్ 11 మధ్య తయారైన మాన్యువల్ బళ్లకు, రెండు మోడళ్లకూ, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గుల్ల) లోపలి రబ్బరు బెల్లో (తొడుగు) తనిఖీ చేయాలన్నారు.

ఏఎక్స్7లో అద్దం వెనక అడాస్ (డ్రైవర్‌కు సాయపడే భద్రతా వ్యవస్థ) కెమెరా ఉంటుంది. ముందు అద్దం మీద తయారీ గుర్తు మిగతా అద్దాలతో కలవకపోతే అద్దం మార్చినట్టు. కెమెరా కాలిబ్రేషన్ (గురి మళ్లీ సరిచేయడం) చేయించిన బిల్లు చూపించమనండి. టైర్ల లోపలి అంచు చేత్తో తడమండి. వెనక టైరు లోపలి వైపే అరిగితే వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినట్టు. నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కావాలి, ముందు రెండే చూసి పంపించే షాపుతో పని కాదు. సన్‌రూఫ్ మూలల్లో నీళ్లు పోసి డ్రెయిన్ గొట్టాల నుంచి కిందికి పోతున్నాయో చూడండి. చెత్త అడ్డుపడితే ఆ నీళ్లు లోపల కార్పెట్ కిందికి చేరతాయి.

స్కార్పియో అయితే లిఫ్ట్ మీద ఎక్కించి ఫ్రేమ్ పట్టీలు రెండు చివరలా చూడండి. వెల్డింగ్ మచ్చ, కొత్త నల్లరంగు, వంకర ఏది కనబడినా వదిలేయండి. పై బాడీ కొత్తగా మెరిపిస్తారు, ఫ్రేమ్ అబద్ధమాడదు. స్పీడ్ బ్రేకర్ మీద వెనక నుంచి టకటక వినిపిస్తే ఇరుసు లింకుల రబ్బరు బుష్‌లు పోయినట్టు.

రెండు డీజిల్‌లకూ డెఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం) పోయాలి. నీలం మూత దాని కోసమే. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు, అలాగే మరో బండితో లాగించుకెళ్లండి. డెఫ్ పూర్తిగా అయిపోయాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు, అందుకే తిరుపతి ప్రయాణానికి ముందే నింపుకోండి.

గేర్‌బాక్స్_గురువు:
నట్టుబోల్టు గారు చెప్పిన రీకాల్ పని అయినట్టు తేలితే ఎక్స్‌యూవీకే నా ఓటు. పెట్రోల్ ఏఎక్స్7 ఆటోమేటిక్ దొరికితే ఇంకా మంచిది, మీ నాలుగు కిలోమీటర్ల ఆఫీసుకు అదే సరి. పిల్లల భద్రత అడగలేదు గానీ చెబుతున్నా: గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో పెద్దల భద్రతకు రెండింటికీ ఐదు స్టార్లు, పిల్లల భద్రతకు ఎక్స్‌యూవీకి నాలుగు, స్కార్పియో-ఎన్‌కు మూడు. బేరం కుదిరాక యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే దాన్ని ఆర్‌సీ నుంచి తీసేయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి అయితే అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కేసుకుని బేరమాడండి.