సేల్స్‌మన్ ఫోన్‌లో ఉన్న కస్టమర్ ఎవరి కస్టమర్? సీఆర్ఎం ఇప్పుడే కొనాలా?

బెజవాడ_పైపులు:
ఆటోనగర్‌లో పైపులు, ఫిట్టింగుల హోల్‌సేల్ మాది. టర్నోవర్ 12 కోట్లు దాటింది. రెండు గోడౌన్లు, లైన్ మీద ఆరుగురు సేల్స్‌మన్లు. లెక్కలు ట్యాలీలో, ఆర్డర్లు వాట్సాప్‌లో, బాకీల సంగతి గుమాస్తా బుర్రలో. నూజివీడు వైపు తిరిగే కుర్రాడు మానేసి వేరే షాపులో చేరాడు. వాడి వెనకే ఆ లైన్‌లో సగం షాపులు వెళ్లిపోయాయి. ఎవరికి ఏ రేటు ఒప్పుకున్నాడో కూడా మా దగ్గర రాసి లేదు. అందుకే సీఆర్ఎం, అంటే కస్టమర్ల వివరాలన్నీ ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేర్, కొందామంటున్నాను. నాన్నగారేమో "ముందు గోడౌన్ సర్దరా" అంటున్నారు. మీరేమంటారు?

కోడ్_కూలీ:
ఈ సాఫ్ట్‌వేర్లు పెట్టించడమే నా పని, అయినా నాన్నగారి వైపే నేను. ముప్పావు అంగుళం సీపీవీసీ ఎల్బో (ప్లాస్టిక్ పైపు మలుపు ముక్క) మీ ట్యాలీలో ఎన్ని పేర్లతో ఉందో ఒకసారి చూడండి. ఒక క్లయింట్ దగ్గర మూడు కనబడ్డాయి: "3/4 ఎల్బో", "సీపీవీసీ ఎల్బో 20 ఎంఎం", "ఎల్బో త్రీఫోర్త్". మొదటిదాంట్లో స్టాకు 400, రెండోదాంట్లో మైనస్ 260, మూడోది సున్నా. అసలు ఎన్ని ఉన్నాయో తెలియాలంటే ర్యాకు దగ్గరికెళ్లి లెక్కపెట్టాల్సిందే. దీనిమీద ఎంత ఖరీదైనది పెట్టినా అదే తప్పు లెక్కని రంగుల గ్రాఫులో చూపిస్తుంది. సేల్స్‌మన్ అది చూసి షాపువాడికి మాటిస్తాడు, సరుకు వెళ్లదు.

లైన్‌సేల్స్:
మా వైపు నుంచి ఎవరూ మాట్లాడరేం? పాత కంపెనీలో మాకూ ఒక యాప్ ఇచ్చారు. వెళ్లిన ప్రతి షాపు గురించీ రాయాలి. కౌంటర్ ముందు నలుగురు ప్లంబర్లు నిలబడి ఉంటే ఓనరు మనకి రెండు నిమిషాలివ్వడమే గొప్ప, అక్కడ ఫోన్‌లో కొట్టుకుంటూ కూర్చుంటామా? సాయంత్రం టీ కొట్టు దగ్గర చేరి అన్ని షాపులకీ వరసగా "ఫాలోఅప్ చేయాలి" అని కొట్టేవాళ్లం. ఎంట్రీలన్నీ ఆరూ నలభైకీ ఏడుకీ మధ్యే. మేనేజరు ఆ రిపోర్టు చూసి మురిసిపోయేవాడు.

అదే యాప్‌లో ఈ షాపు బాకీ ఎంత, పోయినసారి ఏ రేటుకిచ్చాం, గోడౌన్‌లో సరుకుందా అనేవి కనబడితే ఎవరూ చెప్పక్కర్లేదు, మేమే తెరుస్తాం. ఉత్త నిఘాకైతే ఎవడు రాస్తాడండీ?

పద్దుల_పంతులు:
12 కోట్లంటే మీకు ఈ-ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేయించడం) ఎలాగూ తప్పదు, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లకే ఉంది. పైగా 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌కి పంపాలి. దాటితే పోర్టల్ తీసుకోదు. అంటే మీ బిల్లు ఎలాగూ ట్యాలీలోనే పుడుతుంది. కొత్తగా ఏది కొన్నా దాంతో కలుస్తుందా లేదా అన్నదే నా మొదటి ప్రశ్న. ఒకే ఆర్డరు రెండు చోట్ల కొట్టాల్సి వస్తే మూడో నెలకి ఒకటి మూలన పడుతుంది.

ఇంకోటి, మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ నుంచి ఎడిట్ లాగ్ (ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో దాచే రికార్డు) ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. పార్ట్‌నర్‌షిప్పుకి ఆ నిబంధన లేదు.

బెజవాడ_పైపులు:
పార్ట్‌నర్‌షిప్పేనండీ. మా టెన్షనల్లా, గోడౌన్ సర్దేలోగా ఇంకొకడు మానేస్తే? పైగా మా రేట్లు ఒక్కో షాపుకి ఒక్కో రకం. ఒకరికి పదికొకటి స్కీము, ఒకరికి క్యాష్ డిస్కౌంట్. మాకు తగ్గట్టు ఎవరితోనైనా రాయించుకుంటే?

కోడ్_కూలీ:
మునిగేది అక్కడే. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడిల్ 2011లో మొదలుపెట్టిన ఎస్ఏపీ (పెద్ద కంపెనీలు వాడే వ్యాపార సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుని 2018లో వదిలేసింది. అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని పత్రికలు రాశాయి. వాళ్లు స్టాకుని కొన్న ధరతో లెక్కేస్తారు, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే ధరతో వేస్తుంది. తమ అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్పించబోయారు. మీకు అంత నష్టం రాదు గానీ, రాసిచ్చినవాడు ఊరు మారితే మళ్లీ నూజివీడు కథే. ట్యాలీలో ప్రైస్ లెవెల్స్ (ఒకే సరుకుకి వేర్వేరు రేట్ల పట్టీలు) ఉన్నాయి కదా, షాపులన్నిటినీ నాలుగు రేట్లలోకి తెండి. ఒప్పుకోని షాపులు నాలుగో అయిదో ఉంటాయి, వాళ్లతో మీరే మాట్లాడుకోండి.

ఈలోగా షాపుల జాబితా, నంబర్లు జోహో సీఆర్ఎం ఉచిత వెర్షన్‌లో పెట్టుకోండి. ముగ్గురు వాడొచ్చు. మీరు, నాన్నగారు, గుమాస్తా చాలు. సేల్స్‌మన్లకి ఇప్పుడే వద్దు.

లైన్‌సేల్స్:
నంబరు మీ దగ్గరుంటే షాపు మీదైపోతుందా? పగిలిన పైపు వాపసు తెచ్చింది నేను, అందుకే నా ఫోన్ ఎత్తుతాడు. ఆ కుర్రాడు ఎందుకు మానేశాడో ఎవరైనా అడిగారా?

బెజవాడ_పైపులు:
ఇన్సెంటివ్ దగ్గర గొడవ, దాచేదేముంది. అలాగని ఒప్పుకున్న రేటు వాడి ఫోన్‌లోనే ఉండాలంటే నేనొప్పుకోను. ఆదివారం గోడౌన్ మూసి ఐటమ్ పేర్లు ఒకటి చేయిస్తున్నాం. కోడ్_కూలీ గారూ, పాత పేర్లు తీసేస్తే పాత బిల్లుల సంగతేంటి?

కోడ్_కూలీ:
తీసేయకండి, ఎంట్రీలున్న ఐటమ్‌ని ట్యాలీ ఎలాగూ తీయనివ్వదు. ముందు సరుకు లెక్కపెట్టండి. స్టాక్ జర్నల్ (స్టాకుని ఒక పేరు నుంచి ఇంకో పేరుకి మార్చే ఎంట్రీ) వేసి అంతా ఒకే పేరు కిందికి తెండి, పాత పేర్ల ముందు "వాడొద్దు" అని పెట్టండి. బ్యాకప్ శనివారం రాత్రే తీసుకోండి.