కైండ్ ఆఫ్ బ్లూ తర్వాత దారి తప్పుతోంది: జెయింట్ స్టెప్స్ ఎలా వినాలి? ఇప్పటివాళ్ళలో ఎవరిని వినాలి?

నీలిబార్:

మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ దాదాపు కంఠతా వచ్చేసింది. డేవ్ బ్రూబెక్ టైమ్ అవుట్ కూడా హాయిగా సాగిపోతుంది. జాన్ కోల్ట్రేన్ జెయింట్ స్టెప్స్ పెడితే మాత్రం అరనిమిషంలో ఎక్కడున్నానో తెలీదు. ఇలాంటివాటిలో పాట ఎక్కడ మొదలై మళ్ళీ ఎక్కడికొస్తోందో చెవికి తెలియాలంటే దేన్ని పట్టుకోవాలి? ఇంకోటి, కైండ్ ఆఫ్ బ్లూ పాత సీడీకి కీబోర్డు శ్రుతి కలవడం లేదు. తప్పు కీబోర్డుదా, సీడీదా? చివరిది, ఇప్పటివాళ్ళు నా చెవికి అందరూ ఒకేలా ఉన్నారు. బ్రహ్మాండంగా వాయిస్తారు, ఒక్కరూ గుర్తుండరు. "మనసు పెట్టి వినండి" లాంటి జవాబులు వద్దండీ. ఏ పాట, ఎన్నో నిమిషం అన్నది చెప్పండి.

నడకబేస్:

సాక్సోఫోన్‌ని వదిలేసి బేస్‌ని, అంటే లోతుగా మోగే పెద్ద తీగవాద్యాన్ని, పట్టుకోండి. ముందు కైండ్ ఆఫ్ బ్లూలో మీకు బాగా తెలిసిన సో వాట్‌తోనే మొదలుపెట్టండి, ఎందుకంటే కంఠతా రావడం వేరు, లెక్క తెలియడం వేరు.

సో వాట్ 32 బార్ల పాట, బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్లు. 16 బార్లు డి డోరియన్ (డి ఆధారంగా సాగే స్వరక్రమం), తర్వాత 8 బార్లు అరస్వరం పైకి ఇ-ఫ్లాట్ డోరియన్, మళ్ళీ 8 బార్లు డి. ఈ 32 బార్ల చుట్టునే కోరస్ అంటారు. మన ఆవర్తనం లాంటిదే, కాకపోతే పొడుగు. ఒక్కో కోరస్ సుమారు 56 సెకన్లు. ఒకటిన్నర నిమిషం దగ్గర డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళెం) మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అది మోగుతుండగానే మైల్స్ సోలో మొదలవుతుంది. అక్కడ ఒకటి అనుకుని లెక్క మొదలెట్టండి. మైల్స్‌కి (ట్రంపెట్) రెండు కోరస్‌లు, కోల్ట్రేన్‌కి (టెనర్ సాక్సోఫోన్) రెండు, కానన్‌బాల్‌కి (ఆల్టో సాక్సోఫోన్) రెండు, బిల్ ఎవాన్స్‌కి (పియానో) ఒకటి. పదిహేడో బార్‌లో పాల్ ఛాంబర్స్ బేస్ అరస్వరం పైకి జరగడం ప్రతిసారీ తెలిసిందంటే పని సగం అయిపోయినట్టే.

ఇక జెయింట్ స్టెప్స్. ఇది 16 బార్లే, కానీ నిమిషానికి 290 బీట్ల దగ్గర నడుస్తుంది, అంటే కోరస్ మొత్తం 13 సెకన్లు. బీట్లు లెక్కపెడితే నోరు తిరగదు, బార్‌కి ఒక అంకె వేయండి. సప్తకాన్ని మూడు సమభాగాలు చేస్తే వచ్చే బి, జి, ఇ-ఫ్లాట్ మూడూ ఇందులో ఆధార శ్రుతులు. మొదటి మూడు బార్లలోనే మూడింటినీ చుట్టేస్తాడు, అందుకే తల తిరుగుతుంది. తొమ్మిదో బార్ నుంచి మాత్రం బార్ విడిచి బార్‌లో ఒక్కో శ్రుతి మీద దిగుతుంది. ముందు ఆ రెండో సగాన్నే పట్టుకోండి, మొదటి సగం తర్వాత దానంతటదే అమరుతుంది.

పల్లవి రెండుసార్లు అయ్యాక 26వ సెకను దగ్గర సోలో మొదలవుతుంది. అందులో మాటిమాటికీ వినిపించే ముక్క ఏమిటో తెలుసా? సరిగప. అంతే. షడ్జం ప్రతి రెండు బీట్లకీ చోటు మారుతుంటుంది కాబట్టి కొత్త స్వరాల వర్షంలా అనిపిస్తుంది గానీ ముక్క మాత్రం అదే. వేగం 0.75కి తగ్గించి వింటే దొరికిపోతుంది. 0.5కి తగ్గించకండి, సింబల్ అలుక్కుపోయి లయ కూడా పోతుంది.

టైమ్ అవుట్ ఎందుకు హాయిగా ఉందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అందులోని బ్లూ రాండోలో "తక తక తక తకిట" మూడుసార్లు, నాలుగోసారి "తకిట తకిట తకిట". లెక్క ఎక్కడా దాచడు, నోటికి అందిస్తాడు. కోల్ట్రేన్ అందివ్వడు.

మోనోబటన్:

తప్పు సీడీదేనండీ, కీబోర్డుని తిట్టకండి. 1959 మార్చి 2న తీసిన మూడు పాటలు, అంటే సో వాట్, ఫ్రెడ్డీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్, రికార్డు చేసిన మాస్టర్ యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపుని సరైన వేగంతో వాయిస్తే శ్రుతి పైకి పోతుంది. దశాబ్దాల పాటు ఎల్పీలూ సీడీలూ అలాగే వచ్చాయి. ఏప్రిల్ 22న తీసిన రెండో వైపు పాటలకి ఈ గొడవ లేదు. అనుమానం తీరాలంటే సో వాట్ బేస్ పక్కన కీబోర్డు మీద డి నొక్కి చూడండి, తర్వాత ఆల్ బ్లూస్ పక్కన జి నొక్కండి. మొదటిది కలవక రెండోది కలిసిందంటే మీ దగ్గరున్నది దిద్దని ప్రతి. 1990లలో, అప్పుడే పక్కన నడిచిన రెండో యంత్రం టేపు నుంచి దిద్దారు, 1997 తర్వాతి రీమాస్టర్లు చాలు. అంతకు మించి ఖరీదైన ప్రతుల వెంట పడడం వాయిద్యకారుల కోసం కాదు, స్పీకర్ల కోసం.

అదే రికార్డులో ఇంకో సౌకర్యం ఉంది. హెడ్‌ఫోన్స్‌లో కోల్ట్రేన్ ఎడమవైపు, కానన్‌బాల్ కుడివైపు, మైల్స్ మధ్యలో. టెనర్, ఆల్టో తేడా ఇంకా పట్టుబడకపోతే చెవే చెప్పేస్తుంది.

1960 ప్రాంతపు బ్లూ నోట్ కంపెనీ స్టీరియో రికార్డులతో మాత్రం హెడ్‌ఫోన్స్ చిరాకు పెడతాయి. వాటి రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ నేరుగా రెండు ట్రాకుల మీద తీశాడు. ట్రంపెట్, సాక్సోఫోన్ ఒక చెవిలో, డ్రమ్స్ ఇంకో చెవిలో పడతాయి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో ఉంటుంది, అది వేసుకోండి. ఆ కాలపు బ్లూ నోట్ మోనో ఎల్పీలు కూడా చాలావరకు ఇదే రెండు ట్రాకుల్ని కలిపి చేసినవే కాబట్టి అపచారమేమీ లేదు.

ఇంకా వెనక్కి, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల కాలానికి వెళ్తే సూత్రం తిరగబడుతుంది: చరచర తక్కువున్న ప్రతిని అనుమానించండి. చప్పుడు తీసేసేవాళ్ళు దాంతోపాటు సింబల్ మెరుపునీ తీసేస్తారు. 1928 నాటి వెస్ట్ ఎండ్ బ్లూస్‌లో చివరి కోరస్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ మీద ఒక్క బి-ఫ్లాట్‌ని దాదాపు నాలుగు బార్లు నిలబెడతాడు. మంచి బదిలీలో (పాత రికార్డు నుంచి కొత్త ప్రతికి ఎక్కించినదాంట్లో) ఆ స్వరం నిలిచినకొద్దీ ఒళ్ళు చేస్తుంది, ఎక్కువ శుభ్రం చేసినదాంట్లో ఈలలా సన్నబడిపోతుంది. జాన్ ఆర్. టి. డేవీస్ బదిలీ చేసిన, ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం హాట్ ఫైవ్స్ సెట్ దొరికితే వదలకండి.

రైడ్‌సింబల్:

"ఇప్పటివాళ్ళు అందరూ ఒకేలా" అన్నదానికి సగం ఒప్పుకుంటాను. ఒక కారణం నిడివి. కైండ్ ఆఫ్ బ్లూ 45 నిమిషాలు. సాక్సోఫోన్ వాయించే కమాసి వాషింగ్టన్ ది ఎపిక్, 2015, మూడు డిస్కులు, మూడు గంటలకి కాస్త తక్కువ. అందులో గొప్ప గంట ఒకటి ఉంది, దాన్ని మిగతా రెండు గంటల్లోంచి వినేవాడే వెతుక్కోవాలి. ఒకేసారి కూర్చుని వినకండి, రోజుకో డిస్కు చాలు.

అసలు కారణం వేరే ఉంది. పాత రికార్డుల్లో వ్యక్తిత్వం సాక్సోఫోన్ నాదంలోనే ఉండేది, రెండు స్వరాలు వింటే పేరు చెప్పేయొచ్చు. ఇప్పుడు అది చాలాసార్లు లయలో ఉంటుంది. వాయించేవాడి వైపు కాకుండా డ్రమ్స్ వైపు చెవి పెట్టండి.

పియానో వాయించే బ్రాడ్ మెల్డావ్, ఆర్ట్ ఆఫ్ ది ట్రయో నాలుగో సంపుటం, మొదటి పాట ఆల్ ది థింగ్స్ యు ఆర్. అది 36 బార్ల పాత పాట, మామూలుగా బార్‌కి నాలుగు బీట్లు. ఇక్కడ ఏడు. పాత పద్ధతి ప్రతి ఒకటి ముందు రెండుసార్లు విని వెంటనే ఇది పెట్టండి. పాట అదే, నేల మాత్రం జరిగిపోయి ఉంటుంది. తర్వాత పియానిస్టు విజయ్ అయ్యర్ హిస్టారిసిటీ, 2009. మార్కస్ గిల్మోర్ డ్రమ్స్, పాత తరం డ్రమ్మర్ రాయ్ హేన్స్ మనవడు. పియానోని ఒక్కసారైనా పక్కనపెట్టి అతన్నే వినండి.

ఆల్టోలో రుద్రేశ్ మహంతప్ప. బర్డ్ కాల్స్, 2015, పాతకాలపు ఆల్టో దిగ్గజం చార్లీ పార్కర్ ముక్కల్ని విడదీసి కొత్తగా కట్టినవి. అందులోని ఆన్ ద డీఎల్ వినే ముందు దానికి మూలమైన డోనా లీ వినాలి, లేకపోతే తమాషా అందదు. కద్రి గోపాల్‌నాథ్‌తో చేసిన కిన్స్‌మెన్, 2008, మన చెవులకి ఇంకా దగ్గర. ఇద్దరిదీ ఆల్టోయే. గమకం ఎవరిదో, బెండ్ (జాజ్‌లో స్వరాన్ని వంచడం) ఎవరిదో విడదీయడమే మంచి పరీక్ష. ఇమాన్యుయెల్ విల్కిన్స్ ఒమేగా, 2020, ఇవన్నీ వినడం మొదలెట్టిన మూడో నెలలో వినండి, ఇప్పుడే కాదు.

నీలిబార్:

మోనోబటన్ గారూ, డి కలవలేదు, జి కలిసింది. కేసు తేలిపోయింది. నడకబేస్ గారూ, రెండో సగం దొరికింది. అయితే జెయింట్ స్టెప్స్‌లో కోల్ట్రేన్ ఆగాక పియానో తడబడినట్టుంది. నా చెవి తప్పా?

నడకబేస్:

మీ చెవి సరిగ్గానే ఉంది. అందులో పియానో వాయించిన టామీ ఫ్లానగన్ ఒంటి స్వరాలతో మొదలుపెట్టి, మధ్యమధ్య ఆగి, చివరికి కార్డుల్లోకి (కలిపి మోగించే స్వరాల్లోకి) తప్పుకుంటాడు. దీన్ని పట్టుకుని ఆయన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు, అన్యాయం. మిగతావాళ్ళు ఇంకా అలవాటుపడని దారిలో కోల్ట్రేన్ ఎంతో సాధన చేసి వచ్చాడు. 1959లోనే, దీనికి ముందు, సీడర్ వాల్టన్ పియానోతో తీసిన టేకులున్నాయి. వేగం తక్కువ, అయినా ఆ పాటలో వాల్టన్ సోలోనే తీసుకోలేదు. మీ లెక్కకి ఆ టేకే నయం, 0.75 అవసరం ఉండదు. ఫ్లానగన్ 1982లో జెయింట్ స్టెప్స్ పేరుతోనే ట్రయో (ముగ్గురి బృందం) ఆల్బమ్ చేశాడు, అందులో ఇదే పాట ఉంది. మొదట 1959ది, వెంటనే అది.