మష్రూమ్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి చాయ్‌లో, చారులో వేసుకోవచ్చా? నాన్నకు స్టెంట్ ఉంది

వానచినుకు, కూకట్‌పల్లి:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. పోయిన నెల మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి వస్తూ రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి లయన్స్ మేన్, ఇంకోటి రీషీ, రెండూ పుట్టగొడుగుల ఎక్స్‌ట్రాక్ట్ పొడులే. రోజూ అర చెంచా వేసుకోండి, ఒంటికి మంచిది అని చెప్పి వెళ్లిపోయాడు. దేంట్లో వేసుకోవాలో, ఎవరు వేసుకోకూడదో ఏమీ చెప్పలేదు. మర్నాడే అమ్మ రీషీ పొడిని పొద్దుటి చాయ్‌లో వేసి మరిగించింది. కాకరకాయ రసం కంటే చేదు. నాన్న ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. అంత డబ్బు పెట్టి తెచ్చాడు, పారబోస్తే ఎలా అని అమ్మ బెల్లం వేసి మళ్లీ ఇచ్చింది. నాన్నకు షుగర్ కూడా ఉంది, అది చూసి నాకు కోపం, భయం రెండూ వచ్చాయి.

నాన్నకు 67 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ వేశారు, అప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు రోజూ వేసుకుంటున్నారు. నా అసలు టెన్షన్ ఇదే, ఈ పొడి ఆయనకు ఇవ్వొచ్చా? నా సంగతి వేరు, గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ కాబట్టి ఫోకస్ కోసం కాఫీలో లయన్స్ మేన్ వేసుకుందామని ఉంది. మరిగిస్తే గుణం పోతుందా, చివర్లో కలపాలా, పప్పులో, దోశ పిండిలో వేస్తే రుచి పాడవుతుందా? వాడిన వాళ్లు చెప్పండి.

ఫిల్టర్‌కాఫీ, సైనిక్‌పురి:

చెల్లీ, నేను ఏడాదిగా లయన్స్ మేన్ వాడుతున్నాను. చేదు ఉండదు, కొంచెం మట్టివాసన, కొంచెం వేయించిన గింజల వాసన వస్తుంది, అందుకే కాఫీలో కలిసిపోతుంది. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది, తర్వాత ఎంత తిప్పినా విడిపోదు. గ్లాసులో ముందు అర చెంచా పొడి వేసి రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లతో పేస్టులా కలుపు, ఆ తర్వాత డికాషన్, పాలు పొయ్యి. నేను మొదటి వారం పావు చెంచాతో మొదలుపెట్టాను, ఎందుకంటే మా ఆవిడకు మొదటి రోజే నిండు చెంచా వేస్తే కడుపు ఉబ్బరించింది.

రీషీని పాల చాయ్‌లో వేయకు, ఆ రెండు రుచులూ కలవవు. అల్లం, మిరియాలు, తులసి వేసి కషాయంలా కాస్తే ఆ చేదు సహజంగానే ఉంటుంది. వంటల్లో అయితే లయన్స్ మేన్ టమాటా చారులో బాగుంటుంది, పప్పు దించేముందు వేసినా తెలియదు. దోశ పిండిలో వేశాను కానీ రంగు మారి పిల్లలు తినలేదు.

ఫోకస్ పెరిగిందా అని అడిగితే నా అనుభవాన్ని నమ్మొద్దు, అదే నెలలో నేను రాత్రి పదకొండింటికే పడుకోవడం మొదలుపెట్టాను. నిద్ర వల్ల వచ్చిన మార్పును పొడి ఖాతాలో వేయలేను.

గడ్డిబెడ్డు, శామీర్‌పేట:

నేను ముత్యపు చిప్ప పుట్టగొడుగులు, ఎండాకాలంలో పాల పుట్టగొడుగులు పెంచుతాను, కాబట్టి పొడి లోపల ఏముందో చెబుతాను, అది తెలిస్తే మీ సగం ప్రశ్నలు తీరతాయి. పుట్టగొడుగు కణాల గోడలు కైటిన్‌తో తయారవుతాయి, రొయ్య పొట్టులో ఉండేది కూడా అదే. మన కడుపుకు అది సరిగా అరగదు. అందుకే ఎండిన పుట్టగొడుగును వేడి నీళ్లలో గంటల తరబడి మరిగించి, ఆ సారాన్ని ఆరబెట్టి పొడి చేస్తారు. దాన్నే ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. అందులో ముఖ్యమైనవి బీటా గ్లూకాన్లు అనే ఒక రకం పీచు పదార్థాలు, అవి వేడి నీళ్లలోనే దిగుతాయి. అంత సేపు మరిగించి తీసినదాన్ని మీరు చాయ్‌లో ఇంకో ఐదు నిమిషాలు మరిగిస్తే ఏమీ కాదు. రీషీలో చేదుగా ఉండే ట్రైటర్పీన్లు మాత్రం నీళ్లలో సరిగా దిగవు, వాటి కోసం ఆల్కహాల్‌తో కూడా తీస్తారు. అంటే మీ డబ్బాలోని చేదు రీషీ గుణమే, పొడి పాడైందని కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మేం బెడ్లలో వేసే స్పాన్‌ను, అంటే పుట్టగొడుగు విత్తనాన్ని, జొన్న గింజల మీద పెంచుతాం, గింజల చుట్టూ తెల్లటి దారాలు అల్లుకుంటాయి, దాన్నే మైసీలియం అంటారు. కొన్ని కంపెనీలు గొడుగు పైకి రాకముందే ఆ దారాలను గింజతో సహా ఎండబెట్టి, పొడి చేసి అమ్ముతాయి. అలాంటి పొడిలో పుట్టగొడుగు కంటే గింజల పిండే ఎక్కువ ఉండొచ్చు. ఇంట్లోనే చూసుకోవచ్చు. చెంచా పొడిని అర గ్లాసు నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లారాక మందుల షాపులో దొరికే అయోడిన్ రెండు చుక్కలు వెయ్యండి. నీలం, నలుపు కలిసిన రంగుకు తిరిగితే అందులో పిండి ఉన్నట్టే. ఆ నీళ్లు పారబోయండి, తాగొద్దు.

లేబుల్ మీద పాలీశాకరైడ్లు ఇంత శాతం అని పెద్ద అంకె ఉంటే మురిసిపోకండి, అంటే చక్కెర అణువులు గొలుసులా కలిసిన పదార్థాలు, పిండి కూడా పాలీశాకరైడే. బీటా గ్లూకాన్ ఎంతో విడిగా రాశారా చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉందా చూడండి. గొడుగు భాగం నుంచి తీశామని స్పష్టంగా రాయని డబ్బా నేనైతే కొనను.

మందులచీటీ, నల్లకుంట:

వానచినుకు గారూ, నేను పన్నెండేళ్లుగా ఫార్మసీలో పని చేస్తున్నాను. ముందు ఒక్కమాట, నాన్నగారికి రీషీ ఇవ్వడం ఈ రోజే ఆపండి. చేదు గురించి కాదు. రీషీకి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా అడ్డుకునే గుణం ఉందని ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. స్టెంట్ వేసిన వాళ్లకు చాలాసార్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రాస్తారు, వాటి పని కూడా ప్లేట్‌లెట్లను అడ్డుకోవడమే. మూడూ కలిస్తే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరగొచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, ఊరికే ఒంటి మీద నల్లమచ్చలు, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. షుగర్ మాత్రలు వేసుకునే వాళ్లకు రీషీ వల్ల షుగర్ ఇంకా పడిపోయే అవకాశం కూడా ఉంది. పొడి ఇస్తున్నాం కదా అని మాత్రలు మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది.

రీషీ పొడి వాడిన వాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఛాగా అని ఇంకో పొడి అమ్ముతున్నారు, అందులో కిడ్నీల్లో పేరుకునే ఆక్సలేట్ అనే పదార్థం చాలా ఎక్కువ, రోజూ తిని కిడ్నీలు పాడైన వాళ్లున్నారు. అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, ఆపరేషన్ దగ్గర పడిన వాళ్లు ఈ పొడుల జోలికి సొంతంగా వెళ్లకూడదు.

మీ కాఫీ సంగతికి వస్తే, లయన్స్ మేన్ మీద 2009లో జపాన్‌లో ఒక పరీక్ష చేశారు. 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసు, కొద్దిగా మతిమరుపు ఉన్న 30 మందిలో సగం మందికి రోజుకు 3 గ్రాముల పొడి 16 వారాలు ఇచ్చారు. వాళ్ల జ్ఞాపకశక్తి మార్కులు మెరుగయ్యాయి, ఆపేసిన నాలుగు వారాలకే మళ్లీ తగ్గాయి. అది మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన చిన్న పరీక్ష. నైట్ షిఫ్ట్ చేసే మీలాంటి వయసు వాళ్లకు అదే ఫలితం వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం. మీకు వేరే మందులు లేకపోతే కొద్దిగా వాడి చూడండి, దద్దుర్లు, దురద వస్తే మానేయండి.

చింతపండుచారు, మెహదీపట్నం:

అమ్మాయీ, డాక్టర్ సంగతి వాళ్లు చెప్పారు, నేను వంట సంగతి చెబుతాను. రుచి కోసమే అయితే ఇంత ఖరీదు డబ్బా అక్కర్లేదు. సూపర్ మార్కెట్లో బటన్ పుట్టగొడుగులు 200 గ్రాముల పెట్టెల్లో దొరుకుతాయి. సన్నగా కోసి, ఎండలో ఒక రోజు గలగలలాడేలా ఎండబెట్టి, మిక్సీలో పొడి చెయ్యి. కిలో ఎండబెడితే వంద గ్రాములే మిగులుతుంది, మిగతాదంతా నీరే. ఎండ తగిలితే వాటిలో డి విటమిన్ కూడా తయారవుతుంది, అది నాకు మనవరాలు చెప్పింది. వానాకాలంలో మాత్రం ఎండబెట్టకు, మబ్బు పట్టిందంటే బూజే. ఆ పొడి గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు.

ఒక చెంచా చారులో, సాంబారులో, కూరగాయల పులావులో వేస్తే మాంసం ఉడికించిన నీళ్లు పోసినంత రుచి వస్తుంది, ఉప్పు కూడా తక్కువ పడుతుంది, మీ నాన్నకు అదీ మంచిదే కదా. షిటాకే అనే ఇంకో రకం పుట్టగొడుగు పొడి వాడితే బాగా ఉడకనివ్వు, పచ్చిగా తిన్న కొందరికి ఒళ్లంతా కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు వస్తాయి. వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో మొలిచేవి ఎంత తెల్లగా కనిపించినా ముట్టుకోకు.

వానచినుకు, కూకట్‌పల్లి:

అందరికీ చాలా థాంక్స్. మందులచీటీ గారి మాట చదివిన రాత్రే రీషీ డబ్బా తీసి నా గదిలో పెట్టాను, పొద్దున్నే నాన్న గుండె డాక్టర్‌కు ఫోటో పంపాం. ఆయన కూడా వద్దన్నారు, మాత్రలు యథావిధిగా వేసుకోమన్నారు. అదృష్టం కొద్దీ అమ్మ ఇచ్చిన నాలుగు రోజుల్లో నాన్న సగం గ్లాసు కూడా తాగలేదట. అమ్మ కాసేపు బాధపడింది, మంచి చేద్దామనే కదా ఇచ్చాను అంది. పక్కన కూర్చుని, డాక్టర్ మెసేజ్ చదివి వినిపించాను.

గడ్డిబెడ్డు అన్నా, అయోడిన్ పరీక్ష చేశాను. లయన్స్ మేన్ నీళ్లు గోధుమ రంగులోనే ఉన్నాయి, రీషీ నీళ్లు మాత్రం నల్లగా తిరిగాయి. అమ్మ కళ్లారా చూసింది. ఆమే కజిన్‌కు ఫోన్ చేసి, ఇకపై ఏదైనా తెచ్చేముందు అడగమని చెప్పింది.

చింతపండుచారు పిన్నిగారూ, మీరు చెప్పిన పొడి నిన్న టమాటా చారులో వేశాను. నాన్న రెండోసారి అడిగి పోయించుకున్నారు. పాల పుట్టగొడుగులు కూడా ఇలాగే ఎండబెట్టుకోవచ్చా? అన్నా, మీ దగ్గర ఎండాకాలంలో కిలో లెక్కన ఇస్తారా?