పెద్ద తరగతుల పిల్లలకు అనుమానించడం నేర్పాలా, నమ్మడం నేర్పాలా?

తరగతి టీచర్:
పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ఈ ఏడాది మీడియా పాఠాలు చెప్తున్నాను. ప్రకటన ఎలా లాగుతుంది, శీర్షిక ఎలా రెచ్చగొడుతుంది, వీడియో ఎక్కడ కత్తిరిస్తారు, అన్నీ విప్పి చూపించాను. మొన్న ఒకమ్మాయి లేచి, "అందరూ ఎంతో కొంత అబద్ధమే చెప్తున్నప్పుడు ఇక చదవడమెందుకు మేడమ్?" అంది. క్లాసంతా తలూపింది. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. మనం నేర్పాల్సింది అనుమానించడమా, ఎవర్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడమా? నేను రెండో వైపు మొగ్గుతున్నాను.

వార్తల డెస్క్:
నేను ఒప్పుకోను మేడమ్. ఇరవయ్యేళ్లుగా వార్తలు దిద్దుతున్నాను. అతిగా అనుమానించేవాళ్లకంటే, కంటపడిందల్లా ఫార్వర్డ్ చేసేవాళ్లే నాకు ఎక్కువ తగులుతారు. 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మిడిల్ స్కూల్ పిల్లలకు ఒక వార్తా సైట్ మొదటి పేజీ చూపిస్తే, "స్పాన్సర్డ్ కంటెంట్" (డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన) అని రాసున్నదాన్ని కూడా 80 శాతానికి పైగా వార్తే అనుకున్నారు. ముందు ఆ పొర తొలగాలి. నిరాశ వస్తే రానివ్వండి, ఆ వయసులో అది కొన్నాళ్లుండి పోతుంది.

తరగతి టీచర్:
పోతుందన్న ధీమా నాకు లేదు సార్. 1937లో న్యూయార్క్‌లో ప్రచార విశ్లేషణ కోసం ఒక సంస్థ పెట్టారు. జనాన్ని లొంగదీసే ఎత్తులు ఏడు అని తేల్చి బళ్లలో నేర్పించారు: చెడ్డపేరు తగిలించడం, మెరిసే మాటలు, పెద్దవాళ్ల సాక్ష్యం, అందరూ ఇటే ఉన్నారనడం, అనుకూలమైనవే ఏరి చూపడం వగైరా. పిల్లల్ని దేన్నీ నమ్మనివాళ్లుగా తయారుచేస్తున్నారని అప్పట్లోనే విమర్శ వచ్చింది. 1942లో సంస్థ మూతపడింది. ఆ జాబితాతో చిక్కేమిటంటే, డాక్టరు చెప్పిన నిజమూ "పెద్దవాళ్ల సాక్ష్యం" లాగే కనిపిస్తుంది. ఎత్తు దొరికినంత మాత్రాన అబద్ధం దొరికినట్టు కాదు.

ఫ్యాక్ట్ చెకింగ్ పనిలో ఉన్నాను:
మీ ఇద్దరూ ఎదురుగా ఉన్న పేజీ చుట్టూనే తిరుగుతున్నారు. అదే స్టాన్‌ఫర్డ్ బృందం 2017లో 10 మంది చరిత్రకారుల్నీ, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లనూ, 25 మంది విద్యార్థుల్నీ కూర్చోబెట్టి కొన్ని సైట్లు పరిశీలించమంది. ఒక పరీక్షలో రెండు సైట్లు: ఒకటి పిల్లల డాక్టర్ల పెద్ద సంఘానిది, రెండోది దాన్నుంచి విడిపోయిన చిన్న బృందానిది. విద్యార్థుల్లో ఎక్కువమంది లోగో, భాష, పేజీ తీరు చూసి చిన్న బృందాన్నే నమ్మారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీలో ఎక్కువసేపు నిలవనే లేదు. బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్‌లు తెరిచి, వీళ్లెవరు, వీళ్ల గురించి మిగతావాళ్లేమంటున్నారు అని చూశారు. మా పనంతా ఇదే. ఇందులో అనుమానం ఎంతుందో నమ్మకం అంతే ఉంది. ఆ "మిగతావాళ్ల"లో కొందర్ని నమ్మకపోతే వెతకడానికే అర్థం లేదు.

వార్తల డెస్క్:
ఇది నేర్పితే నాకు అభ్యంతరం లేదు. డెస్క్‌లో మేం చేసేదీ ఇదే.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
నాకో సందేహం. మీరంతా నిజమా అబద్ధమా అనే మాట్లాడుతున్నారు. ఫిజీలోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అది వచ్చిన కొన్ని వారాలకు హైస్కూలు ఆడపిల్లల్ని తిండి గురించీ శరీరం గురించీ అడిగితే, ఆందోళన పడాల్సిన స్కోరు 12.7 శాతం మందికి వచ్చింది. 1998లో అదే అడిగితే 29.2 శాతం. వాళ్లు చూసినవి వార్తలు కావు, సీరియళ్లు. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, సన్నగా ఉండటమే మామూలన్నట్టు రోజూ చూపించారంతే. మా పెద్దమ్మాయి అద్దం ముందు నిలబడినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. దీన్ని ఏ ట్యాబ్‌లో వెతికి తేల్చాలి?

తరగతి టీచర్:
అమ్మా, నా పాఠంలో లేనిది ఇదే. 1983లో డేవిసన్ అనే పరిశోధకుడు ఒక సంగతి గుర్తించాడు: మీడియా ప్రభావం నామీదకంటే పక్కవాళ్లమీదే ఎక్కువ అని మనిషి అనుకుంటాడు. నేనూ పిల్లలకు పక్కవాళ్లు మోసపోయిన ఉదాహరణలే చూపిస్తూ వచ్చాను. సోమవారం నుంచి ఎవరికి నచ్చిన ఛానెల్ వాళ్లే తెచ్చుకోవాలి. అందులో ఎవరు కనిపిస్తారు, ఎవరసలు కనిపించరు, చూశాక నాకేం కావాలనిపించింది, రాసుకోవాలి. మొదట నాకు నచ్చినది నేనే అందరి ముందూ విప్పుతాను.

వార్తల డెస్క్:
బాగుంది. మరి ఆ అమ్మాయికి ఏం జవాబిచ్చారు?

తరగతి టీచర్:
ఇంకా ఇవ్వలేదు సార్. రేపు పక్కన కూర్చుని, ఇన్ని చూసినా ఇంకా ఏ ఒక్కరి మాట నమ్ముతున్నావో, ఎందుకు నమ్ముతున్నావో చెప్పమని అడుగుతాను.