అప్‌డేట్: 80 దాటితే స్టీరింగ్ వణుకు, కారణం దొరికింది

కారు 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాలా, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చేయించాలా అని ఇక్కడ అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బ్యాలెన్సింగ్ అన్నవాళ్లదే కరెక్ట్.

మెకానిక్ ముందు చక్రాలు విప్పి చూస్తే, ఎడమ రిమ్ లోపలి వైపు అతికించిన బరువు ఊడిపోయి జిగురు మరక మాత్రం మిగిలింది. మెషిన్ మీద తిప్పితే 35 గ్రాముల తేడా చూపించింది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, చక్రం తిరిగేటప్పుడు ఆ తేడా వల్ల పుట్టే లాగుడు వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. అందుకే 40లో ఏమీ తెలియదు, 80లో చేతులు అదురుతాయి. కొత్త బరువు అతికించాక 100లో కూడా స్టీరింగ్ నిలకడగా ఉంది.

అలైన్‌మెంట్ కూడా చెక్ చేశారు. చక్రాలు ఎటు తిరిగి, ఎంత వాలి ఉన్నాయో చెప్పే టో, క్యాంబర్ రీడింగులు సరిగ్గానే ఉన్నాయి. అది చెడితే మామూలుగా బండి ఒక పక్కకి లాగుతుంది, లేదా టైరు ఒక అంచునే అరుగుతుంది. నాకు ఆ రెండూ లేవు. బ్రేక్ డిస్కుల మీద అనుమానమూ తీరింది, వాటి తేడా అయితే మామూలుగా బ్రేక్ తొక్కినప్పుడే వణుకు పెరుగుతుంది, నాకు తొక్కినా తొక్కకపోయినా ఒకేలా ఉండేది మరి. స్టీరింగ్, సస్పెన్షన్ భాగాలైన టై రాడ్లు, బాల్ జాయింట్లు మార్చేయమన్న సలహా ఆఖరికి పెట్టుకున్నాను కాబట్టి జేబు బతికింది!