లారీ హౌస్‌హోల్డర్‌కి 20 ఏళ్ల జైలు: అది లంచమా, రాజకీయాల్లో మామూలేనా?

ఈరీ ఒడ్డు:
మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర దీని మీద పెద్ద వాదనే అయింది. "అమెరికాలో లాబీయింగ్ చట్టబద్ధమే కదా, ఆ స్పీకర్‌ని 20 ఏళ్లు లోపల వెయ్యడం ఏంటి?" అన్నారు మా బావగారు. నేను ఒప్పుకోలేదు. మీరేమంటారు?

తెలియనివాళ్ల కోసం సంగతి చెప్తాను. హౌస్‌హోల్డర్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రిపబ్లికన్ నాయకుడు. 2001 నుంచి 2004 దాకా రాష్ట్ర ప్రతినిధుల సభకి స్పీకర్. పదవీకాల పరిమితి వల్ల దిగిపోయి, 2017లో మళ్లీ సభకి వచ్చి, 2019 జనవరిలో రెండోసారి ఆ కుర్చీ ఎక్కాడు. ఆ జులైలోనే హౌస్ బిల్ 6 చట్టమైంది. ఈరీ సరస్సు ఒడ్డునున్న డేవిస్ బెస్సీ, పెర్రీ అణు విద్యుత్ కేంద్రాలకి ఏడాదికి 150 మిలియన్ డాలర్లు మన కరెంటు బిల్లుల్లోంచి తీసి ఇవ్వాలన్నది అందులో అసలు విషయం. అవి అప్పట్లో ఫస్ట్‌ఎనర్జీ అనే కరెంటు కంపెనీకి అనుబంధ కంపెనీవి, ఆ అనుబంధ కంపెనీ అప్పటికే దివాలా పిటిషన్ వేసింది. ఫస్ట్‌ఎనర్జీ వైపు నుంచి దాదాపు 60 మిలియన్లు 'జనరేషన్ నౌ' అనే సంస్థకి చేరాయి. ఆ సంస్థ పగ్గాలు హౌస్‌హోల్డర్ చేతిలో ఉన్నాయి. 2020 జులైలో అరెస్టు, 2023 మార్చిలో జ్యూరీ దోషి అంది, జూన్‌లో శిక్ష పడింది.

అణు కరెంటుకి మద్దతివ్వడం నేరమని నేననను. ఆ డబ్బు తీసుకుని, బదులుగా ఈ చట్టం చేసిపెట్టడమే నేరం.

పాత ఇంజినీర్:
ఇరవై ఏళ్లు పవర్ ప్లాంట్లలో పనిచేసినవాణ్ణి, రెండో వైపు కూడా వినండి. రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ చవకయ్యాక అణు కేంద్రాలు మార్కెట్‌లో నిలవలేకపోయాయి. ఒహాయోలో కార్బన్ లేని కరెంటులో సింహభాగం ఈ రెండింటిదే. మూసేస్తే వందల కుటుంబాల జీతాలు పోతాయి, పక్క ఊళ్ల బడులకి వచ్చే పన్నులు పోతాయి. వాటి కోసం ఒక నాయకుడు నిలబడితే తప్పేముంది? ఎన్నికల ఖర్చుకి కంపెనీల దగ్గర తీసుకోని నాయకుణ్ణి ఒక్కర్ని చూపించండి. కోర్టులో ఆయన స్వయంగా బోనెక్కి, నేను నమ్మిన విధానం కోసమే చేశానని చెప్పుకున్నారు.

కొలంబస్ కోడలు:
అంకుల్, 2019లో మీరు ఇక్కడ ఉన్నారో లేదో గానీ నేనున్నాను. ఈ చట్టాన్ని జనం ఓటుకి పెట్టాలని సంతకాలు సేకరించేవాళ్లు. గ్రాసరీ షాపు బయట ఒక కుర్రాడు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. అదే వారం టీవీలో యాడ్: సంతకం పెడితే మన కరెంటు గ్రిడ్ చైనా చేతిలోకి పోతుందని! అప్పుడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, "వద్దమ్మా, పెట్టకు, మనకెందుకీ గొడవ" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. నేను పెట్టలేదు. ఆ ప్రచారం వెనక ఉన్నది కూడా ఆ డబ్బేనని తర్వాత కేసులో బయటపడింది. సంతకాలు సేకరించేవాళ్లకే డబ్బు ఆశ చూపించి పని మానిపించారట. సంతకాలు చాలక ఓటింగే జరగలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చట్టం నచ్చకపోతే కాదనే దారి జనానికి అదొక్కటే, అదీ మూసేశారు.

సెక్షన్ చెప్పండి:
ఇంజినీర్ గారి ప్రశ్నలో పసలేకపోలేదు. 1991లో మెక్‌కార్మిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు గీసిన గీత ఇదే: ఎన్నికల చందా దానంతటది లంచం కాదు, 'ఇది ఇస్తే అది చేస్తా' అన్న స్పష్టమైన ఒప్పందం ఉండాలి. ఇక్కడ ఆ ఒప్పందం ఉందని జ్యూరీ నమ్మింది. 2025 మేలో అప్పీలు కోర్టు కూడా శిక్షని సమర్థించింది. పైగా అంతా ఎన్నికలకే పోలేదు. సుమారు 5 లక్షల డాలర్లు సొంత అప్పులకీ, ఫ్లోరిడా ఇంటికీ వాడుకున్నట్టు తేలింది. జనరేషన్ నౌ లాంటి సంస్థలు దాతల పేర్లు బయటపెట్టక్కర్లేదు. ఆ వెసులుబాటే దీనంతటికీ మూలం.

గుడివాడ టు డేటన్:
మన ఎలక్టోరల్ బాండ్లలోనూ ఇదే గొడవ కదా. ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకి తెలియాలని 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది.

పాత ఇంజినీర్:
కోడలుగారు చెప్పిన యాడ్ సంగతి నాకు తెలియదమ్మా, అది తప్పే. నాకూ మింగుడుపడనిది ఇంకొకటుంది. అదే చట్టంలో రెండు పాత బొగ్గు కేంద్రాలకీ సబ్సిడీ పెట్టారు, ఒకటైతే పక్కనున్న ఇండియానా రాష్ట్రంలోది. సౌర, పవన విద్యుత్ లక్ష్యాన్ని 12.5 శాతం నుంచి 8.5కి కోశారు. పర్యావరణం కోసమే అణు కరెంటు అన్నవాళ్లు చెయ్యాల్సిన పని కాదది. అయినా 20 ఏళ్లు ఎక్కువే. శిక్ష పడేనాటికి ఆయనకి 64.

ఈరీ ఒడ్డు:
ఇంజినీర్ గారూ, ఆ కేంద్రాలు మూతపడలేదు చూడండి. అణు సబ్సిడీ వసూలు మొదలవకముందే కోర్టు ఆపింది, 2021లో సభే రద్దు చేసింది. రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. నడుస్తున్న అణు కేంద్రాలకి 2022లో ఫెడరల్ పన్ను రాయితీ వచ్చింది, అందరి ముందూ చర్చ జరిగి, ఓటేసి మరీ. అణు కరెంటుకి సాయం చెయ్యాలంటే ఆ దారి ఉండనే ఉంది. బొగ్గు సబ్సిడీని ఆపే చట్టం మాత్రం 2025లో గానీ రాలేదు, అన్నేళ్లూ మనం బిల్లుల్లో కట్టాం.

శిక్ష ఎక్కువా తక్కువా అన్న దగ్గర నన్ను వేధించేది వేరు. ఫస్ట్‌ఎనర్జీ 2021లో తప్పు ఒప్పుకుని 230 మిలియన్ల జరిమానాకి తలూపింది. కంపెనీ నడిపిన పెద్దల్ని 2020లో ఉద్యోగంలోంచి తీసేశారు గానీ వాళ్ల మీద క్రిమినల్ కేసు 2024 దాకా పడలేదు. వాళ్లు నేరం ఒప్పుకోవట్లేదు, తేల్చాల్సింది కోర్టే. కానీ తీసుకున్నవాడి విచారణ అయిపోయి దాదాపు ఏడాది కావస్తుంటే గానీ ఇచ్చినవాళ్ల మీద కేసు ఎందుకు పెట్టలేదు? బావగారికి నేను జవాబు చెప్పలేకపోయింది దీనికే. సెక్షన్ చెప్పండి గారూ, మీకు తెలిస్తే రాయండి.