శంఖనఖాః? శంఖనకాః? నత్త ముల్లుకు తెలుగు మాట

తుంగభద్ర: పిల్లల పత్రికకు నత్తల మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. కొన్ని నేలనత్తలు జతకట్టే ముందు ఒకదాన్నొకటి సన్నని సున్నపు ముల్లుతో పొడుస్తాయి. ఇంగ్లీషువారు దాన్ని లవ్ డార్ట్ అన్నారు. మనం ఏమనాలి? చిన్నప్పుడు వల్లెవేసిన అమరకోశం చరణం రెండు రోజులుగా నాలుక మీద తిరుగుతోంది: "క్షుద్రశంఖాః శంఖన..." ఆ పైన ఖాః నా, కాః నా? ఖ అయితే 'నత్తగోరు' అని పెట్టుకుందామని ఆశ.

పాతకోశం: "క్షుద్రశంఖాః శంఖనఖాః శంబూకా జలశుక్తయః." ఖకారమే, సందేహం వద్దు. కానీ అక్కడ గోరంత శంఖాలని అర్థం, గోరున్న శంఖాలని కాదు.

కృష్ణాతీరం: అంత నిశ్చయంగా చెప్పకండి పాతకోశం గారూ. కకారంతో శంఖనకం కూడా నిఘంటువులకెక్కింది. అప్పటికే ఆ చరణంలో రెండు ఖలు ఉన్నాయి. వల్లెవేసే పిల్లల నోట మూడోది వాటితో జతకలిసిందని నా అనుమానం.

పాతకోశం: మీ అనుమానాలకు ఒత్తులు ఎక్కువ. అదే అమరంలో ఓషధివర్గం తిరగేయండి: "శుక్తిః శంఖః ఖురః కోలదలం నఖం." ఇక్కడ నఖం సుగంధద్రవ్యం, సముద్రపు నత్త తన గుల్ల నోటికి వేసుకునే మూత. అచ్చం గోరులా ఉంటుంది. కాబట్టి శంఖనఖమంటే మూతగల చిన్న శంఖం అన్నా చెల్లుతుంది.

కృష్ణాతీరం: ఇందాక గోరున్నవి కాదన్నారు!

బడిపంతులు: మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నాది జీవశాస్త్రం. మూత మాట నేలనత్తల దగ్గర చిక్కుతెస్తుంది. ఊపిరితిత్తి గల నేలనత్తలు ఆ శాశ్వతమైన మూతను ఏనాడో పోగొట్టుకున్నాయి. ఎండలకో చలికో అవసరమైనప్పుడు జిగురుతో తాత్కాలికంగా తలుపు వేసుకుంటాయి. యూరపులో తినే హెలిక్స్ పొమేషియా ఆ జిగురులో సున్నం దట్టంగా కలిపి గట్టి బిళ్ల చేస్తుంది, వసంతంలో దాన్ని తోసేస్తుంది. మా పెరటి గోడకు ఆఫ్రికా నత్త ఒకటి వేసవంతా అతుక్కుని ఉంది. 1847లో బెన్సన్ మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన జాతి అది. నోటికి తెల్లని పొర, గోటితో తడితే ఎండిన విస్తరాకు చప్పుడు. తొలకరి పడ్డ మర్నాడు పొర ముక్కలు కింద రాలి ఉన్నాయి, నత్త మాత్రం గోడకు వేసిన సున్నం గీక్కుని తింటోంది. గుల్లకూ సున్నమే కావాలి, గుడ్డు పెంకుకూ సున్నమే. మిరియపు గింజంత గుడ్డుకు కూడా పెంకు! అయితే తుంగభద్ర గారూ, మీరడిగిన ముల్లు ఈ జాతికి లేదు.

తుంగభద్ర: గుల్లే లేని నత్తల మాటేమిటి?

బడిపంతులు: గుల్ల ఒక్కసారిగా పోలేదు. లైమాక్స్ అనే జాతుల్లో చర్మం కింద చిన్న పలుకై మిగిలింది. అరియాన్ అనే గుల్లలేని నత్తల్లో అదీ పోయి, రవ్వంత సున్నపు గింజలే ఉన్నాయి.

గోదారిగట్టు: ఇంతకీ ముల్లు సంగతి వదిలేశారు. 'మరుని తూపు' ఉండగా గోరెందుకు? గ్రీకుల ప్రేమదేవుడికి బాణాలు నత్తల వల్లే వచ్చి ఉంటాయని ఊహించిన శాస్త్రవేత్త కూడా ఉన్నాడు.

పాతకోశం: మన మన్మథుడివి పూలబాణాలండీ. అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం. వాటిలో సున్నం ఎక్కడిది?

బడిపంతులు: పైగా తూపు వింటిని వదిలి ఎగరాలి. తోటనత్త ముల్లు సెంటీమీటరు కూడా ఉండదు, ఒళ్లు ఒళ్లు తాకినప్పుడు లోపలినుంచి తోసుకొస్తుంది, తరచూ గురి తప్పుతుంది కూడా. జపాన్‌లో ఒక జాతి అయితే ఒకే ముల్లుతో మూడు వేలసార్లకు పైగా పొడుస్తుంది. ఇక వలపంటారా! ముల్లుకు పూసిన జిగురు అవతలి నత్త లోపలి దారిని ముడిచి, వచ్చిన శుక్రకణాలు జీర్ణమైపోకుండా కాపాడుతుంది. అంటే పొడిచినదానికే లాభం. 2005లో 51 జాతులను పోల్చి చూస్తే, ముల్లుకు అంచులు పెరిగిన చోట, శుక్రకణాలను అందుకునే అవయవమూ దానికి దీటుగా మారుతూ వచ్చిందని తేలింది. ఇది పోటీ.

గోదారిగట్టు: అయితే అది ముల్లుకర్ర. ఎద్దును పొడిచేదే.

కృష్ణాతీరం: ఇలాంటివి కనిపెట్టాల్సింది ఆముక్తమాల్యద రాసిన రాయలవారు. కాలువలో తల రెక్కల్లో దూర్చి నిద్రపోయే బాతులను చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు మరిచిపోయిన పిండిన బట్టలని ఆరెకులు భ్రమపడడం ఆయన తప్ప ఎవరు రాస్తారు? ఆ బాతులు అక్కడికి వచ్చింది నత్తల కోసమే అయి ఉంటుంది. ఆయన బాతు దగ్గరే ఆగిపోయారు.

పాతకోశం: 'ఆరెకులు' అంటే తలారులే అంటారా? మొన్న ఇక్కడే ఒకరు...

తుంగభద్ర: అయ్యా, పత్రికకు రేపు పంపాలి. 'సున్నపు ముల్లు' అని రాసేస్తున్నాను. బహువచనం 'సున్నపు ముళ్లు'.

పాతకోశం: ముండ్లు.

కృష్ణాతీరం: ముళ్లే.